సుద్దముక్కతో గీసిన కరెంటు

ఇరవై రెండేళ్లు
నల్లబల్ల మీద కరెంటును సుద్దముక్కతో గీశాను.
ఇటు బ్యాటరీ, అటు బల్బు, మధ్యన నాలుగు గీతలు.
ఒక్క పిల్లకీ షాక్ కొట్టలేదు.
ఒక్క బల్బూ వెలగలేదు.
పరీక్షలో మాత్రం అందరూ వెలిగించారు.

ఈ చలికాలం నరీన్ పట్నం నుంచి
పాలవ్యాను మీద ఒక అట్టపెట్టె దిగింది.
తీగలు, సెన్సర్లు, గోరంత చిప్పులు,
మూడు సోల్డరింగ్ కడ్డీలు.
తెరిచి, మళ్లీ మూసేశాను.
భయం, ఇంకేముంది.
కడ్డీని ఎటువైపు పట్టుకోవాలో
నేను చెప్పే పాఠంలో లేదు.

"అగాయ్, మా తాత గుర్రాలకి ముద్రలేసే కడ్డీకి
ఇది పిల్లలా ఉంది" అంది బురుల్చా.
ఏడో తరగతి, వెనక బల్ల, అత్తెసరు మార్కులు.
సరైన వైపే పట్టుకుంది.

మొదటి వారం వేళ్లు కాలాయి.
రెండో వారం బల్లలు.
ఎల్దియార్ ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే
గుప్పున పొగ.
వాడు కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని,
అదెందుకు మాడిందో నాకే వివరించాడు.
నా గీతల్లో ఎన్నడూ ఏదీ మాడలేదు,
అందుకే ఎవరూ ఏదీ అడగలేదు.

ఏం తయారుచేద్దాం అంటే
ట్రాఫిక్ లైటు అన్నాను, పుస్తకంలో అదే ఉంది.
మా ఊరికి రోడ్డు ఒకటి, బండ్లు మూడు.
పిల్లలు పడీపడీ నవ్వారు.

నవ్వు ఆగాక బురుల్చా అంది:
"గొర్రెలు ఈనే నెల వస్తోంది.
పోయినేడు కొట్టంలో పొయ్యి ఆరిపోయిందని
తెల్లారేదాకా మాకు తెలీదు.
పదకొండు పిల్లలు."

కొట్టంలో సెన్సరు, ఇంట్లో బజర్.
సున్నాకి దిగితే అరవాలి.
వాళ్ల నాయనమ్మ తాజిబూబూ, కంబళ్లు కుట్టే చెయ్యి,
అతుకు మీద బొటనవేలు పెట్టి చూసింది.
లాగింది. ఊడింది.
"వదులు కుట్టు. మళ్లీ కుట్టు" అంది.

మొదటి రాత్రి బజర్ అరిస్తే ఊరంతా పరిగెత్తింది.
పొయ్యి భగభగా మండుతూనే ఉంది.
గొర్రెపిల్ల ఒకటి తీగ నములుతోంది.

నాలుగో రాత్రి అరవలేదు.
పొయ్యి ఆరింది. ఒక పిల్ల పోయింది.

మర్నాడు బడికొచ్చి, కళ్లు పొడిగా, అడిగింది:
"బ్యాటరీకి కూడా చలేస్తుందా, అగాయ్?"
చెయ్యి అలవాటుగా సుద్దముక్క దాకా వెళ్లింది.
"సరిగ్గా తెలీదు" అన్నాను.
ఇరవై రెండేళ్లలో తరగతి గదిలో
ఆ మాట అనడం అదే మొదలు.
బ్యాటరీని కిటికీ బయట మంచులో పెట్టి,
గంటగంటకీ మీటరు చూస్తూ
సాయంత్రం దాకా కూర్చున్నాం.

తాజిబూబూ ఉన్నితో చిన్న సంచి కుట్టింది.
బ్యాటరీ ఇప్పుడు అందులో పడుకుంటోంది.

ఇవాళ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.
సర్క్యూట్ గీయమంటే
బురుల్చా బ్యాటరీ చుట్టూ ఒక కోటు గీసింది,
గుండీలతో సహా.
జిల్లావాళ్లు పంపిన జవాబుల కాగితంలో కోటు లేదు.

రాత్రి పదకొండు. బయట మైనస్ పద్నాలుగు.
ఎర్రకలం మూత తీసి కూర్చున్నాను.
పక్కసందులో బజర్
ఇంకా మోగలేదు.