వరస నంబరు నూట నలభై ఆరు

జయపురంలో ఇవాళా మంచే.
రన్‌వే చివర కొండ ఉండాలి, లేదు.
తొమ్మిది సీట్ల విమానం
తడిసిన మేకపిల్లలా ముడుచుకుని నిలబడింది.

ఇంజను తిరిగితేనే గంట,
గంట పడితేనే డబ్బు.
టీ గ్లాసు పట్టుకుని కొండ కోసం చూసిన పొద్దంతా
ఏ ఖాతాలోనూ పడదు.
ఐదో తారీఖున బ్యాంకు అప్పు మాత్రం
మంచున్నా లేకున్నా సమయానికే దిగుతుంది.

నా భుజాన మూడు చారలు.
నాలుగో చార అర అంగుళం బంగారు దారం.
ఆ అర అంగుళానికి
ఇంకా పదిహేను వందల గంటలు, రెండు పరీక్షలు,
పైన ఒక ఖాళీ.

నిజానికి చారల కన్నా సీట్లే ఎక్కువ మాట్లాడతాయి.
పంతొమ్మిదేళ్ళు ఈ కనుమల మీద
చిన్న విమానాలు తోలిన కెప్టెన్ బిశోయి కంటే
హైదరాబాదులో ఎయిర్‌బస్సు కుడి సీట్లో కూర్చున్న
నా బ్యాచి పిల్ల లావణ్య ఎక్కువ తెస్తుంది.
దాని విమానానికి ఆటోపైలట్ ఉంది, వంటగది ఉంది.
మాకు దేవమాలి పక్కన ఎగుడు గాలి ఉంది.

ఈ సంగతి నాన్నతో అంటే నవ్వాడు.
గెంబలి తవిటినాయుడు,
కొరాపుట్ లైనులో ముప్పై నాలుగేళ్ళు ఇంజను తోలినవాడు.
"ఏటే, కొత్తేటి ఇది?
అసిస్టెంటు, షంటరు, గూడ్సు, పాసింజరు, మెయిలు.
కొండదే, సొరంగమదే,
ఎనకాల ఏటి తగిలించినారన్నదే జీతం.
ఇనపరాయికో రేటు, మనుషులకో రేటు,
తొందరున్న మనుషులకి ఇంకో రేటు."
కాసేపాగి అన్నాడు:
"లిస్టు మాత్రం రోజూ సూడకే. అది మంచిది కాదు."

ఎందుకో అప్పుడు చెప్పలేదు, నేను అడగలేదు.

రాత్రి పదకొండుకి ఫోను మోగింది.
కొత్త సీనియారిటీ లిస్టు.
వేలు దానంతటదే కిందికి జారింది, నా పేరు దాకా.
నూట నలభై ఏడు కాదు,
నూట నలభై ఆరు.
మంచం మీద లేచి కూర్చున్నాను.
లావణ్యకి మెసేజి కూడా పెట్టాను, రెండు నవ్వు బొమ్మలతో.

ఆ తరవాత వెతికాను
ఎవరు తగ్గారా అని.

పదమూడో నంబరు.
బిశోయి, హరేకృష్ణ.
మెడికల్‌లో శాశ్వతంగా అనర్హుడు.
గుండె గీతలో ఏదో ఒక వంపు.

ఎడమ సీటు ఎక్కడానికి
విశాఖ నుంచి వేరే కెప్టెన్ తెల్లారేసరికి
కారులో వచ్చాడు, ఘాటు మలుపులకి వాంతి చేసుకుంటూ.
బిశోయి సారు బ్రహ్మపురం వెళ్ళాలి,
భువనేశ్వర్ దాకా మాతోనే.
చారల్లేని తెల్ల చొక్కాలో
ఇడ్లీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు.
నన్ను చూసి లేవబోయాడు.
ఎందుకు లేవబోయాడో ఇద్దరికీ తెలీలేదు.

తొమ్మిదిన్నరకి కొండ నడుము కనబడింది, తరవాత భుజం.
సొమరా ఖిల చక్రాల కింద దిమ్మలు లాగడానికి
చేతులు రుద్దుకుంటున్నాడు.
అతనికి విమానం లేచినా లేవకున్నా అదే కూలి.
నేను చెబితే ఒకసారి తల ఊపి
"మరి మీకు మంచుకి ఎవరు కోస్తారు?" అన్నాడు.

చిన్న విమానంలో
మనుషుల్ని బరువు చూసి కూర్చోబెట్టాలి.
హోదా గడి ఉండదు ఆ కాయితంలో,
సర్వీసు గడి ఉండదు.
ఒక్కొక్కర్నీ కాటా ఎక్కించి రాసుకుంటూ వచ్చాను.

ఆయన చెప్పులు విప్పి మరీ ఎక్కాడు.
"డెబ్బై నాలుగు. వెనక వరసలో వెయ్యమ్మా,
ముందు బరువైపోతుంది," అన్నాడు.
తలెత్తకుండా, "లోయ దాటాక ఎడమ గాలి, చూసుకో."

డెబ్బై నాలుగు అని రాశాను.
నాలుగు సరిగ్గా పడలేదు, దిద్దాను.