దొరువులో మూడో పొర

మా కొత్తపట్నం ఇసకలో
నీళ్ల కోసం మరీ లోతుకు పోకూడదు.
నిలువెత్తు తవ్వి ఆగాలి.
ఇంకో జానెడు ఆశపడ్డావా, ఉప్పు.
ఉప్పునీళ్ల మీద మంచినీళ్లు తేలతా ఉంటాయని
మా అమ్మ దొరువు గట్టున కూర్చుని చెప్పేది,
పాల మీద మీగడ చూపించినట్టు.

ఆ మీగడ మీదికి ఇంకొకటొచ్చింది, మూడేళ్ల కింద.

రాత్రి రెండింటప్పుడు మలుపులో ట్యాంకరు ఒరిగింది.
ముడిచమురు.
తెల్లారేసరికి గుంటలో చుక్క లేదు.
"నేల తాగేసింది, పీడా పోయింది" అన్నాడు డ్రైవరు
తలకి కట్టుతో, టీ ఊదుకుంటా.
తాగిందో, పుక్కిట పట్టి కూర్చుందో
ఎవరు చూడొచ్చారు.

మొదటి వారం వాసన.
అది గాలికి పోయే రకం,
తలనొప్పులు పంచి తన దారిన పోయింది.
బరువుది దిగింది.
రేణువుకీ రేణువుకీ మధ్య సందుల్లో
చీకట్లో మెట్లు తడుముకునే ముసలాయనలా,
మెట్టుమెట్టునా కాస్త తనను వదిలేసుకుంటా
నీళ్ల దాకా పోయి,
మునగడం చేతగాక
పరుచుకుంది.

కంపెనీ వాళ్లు మూరెడు మట్టి గీకి లారీకెత్తారు.
కొత్త ఇసక పోసి ఫోటో తీసుకున్నారు.
చెక్కు మా మరిది యానాదయ్య పేరున పడింది.

ఎండాకాలం నీళ్లు దిగితే వెంట దిగుద్ది.
కార్తీకంలో వాయుగుండం పడితే వాటితోపాటే ఎక్కుద్ది.
దిగేటప్పుడొక పూత, ఎక్కేటప్పుడొక పూత.

మట్టి పరీక్షకొచ్చిన పిల్ల, రిజ్వానా,
గొట్టం దించి నేలను కడ్డీలా బయటికి లాగి
గోతం మీద పడుకోబెట్టింది.
పైన జానెడు పసుపు. తర్వాత బూడిద. అడుగున కాటుక.
వేలు పెట్టి చూశాను,
నూనె రాసిన జడలా జారింది.
"దీన్ని తినే పురుగులున్నాయమ్మా, కంటికానవు.
గాలి తగిలే చోట తింటాయి. అడుగున గాలి లేదు."
ఎన్నేళ్లు పడుద్ది తల్లీ, అంటే
ఆ పిల్ల గొట్టం తుడిచిందే తుడుస్తా ఉండిపోయింది.

మడిలో కడవ వంచితే
చేమాకు మీద పడ్డట్టు నీళ్లు దొర్లిపోతాయి, ఇంకవు.
గోంగూర మొలిచింది, కాదనను.
ఒంగోలు మార్కెట్లో మరియమ్మ కట్ట ముక్కుకానించి
"బండి ఇంజను మీద పెట్టుకొచ్చావా ఏందే?" అంది.
నవ్వింది. నేనూ నవ్వాను.
కట్టలు తిరిగి ఇంటికొచ్చాయి.

ఇప్పటికీ కడవ ముంచే ముందు
చేత్తో నీళ్లను పక్కకు నెడతాను.
నెమలి మెడ రంగులు తిప్పుకుంటా పక్కకి పోద్ది.
కడవ ఎత్తానో లేదో, వచ్చి మూసుకుంటుంది.

ఇక్కడ నేలకింద నీళ్లు సముద్రం వైపు నడుస్తాయి.
తూర్పున నలభై గజాల్లో గురవమ్మ దొరువు.
రోజూ పొద్దున్నే ఆమె కడవ చప్పుడుకి చెవి పెడతాను.
ముంచడం, ఎత్తడం, ముంచడం.

ఇవాళ ఒకసారి ముంచి
ఆగింది.