తిత్తి

గ్రిమ్స్‌బీ బజారులో
మూడో నంబరు బస్సు ఆగేచోట
డెరిక్ స్కెల్టన్ అకార్డియన్ వాయించేవాడు,
వినేవాళ్ళు లేకపోతే వానకి.
పద్దెనిమిదేళ్ళు సముద్రంలో వల లాగినవాడు.
ఈ ఊళ్ళో ఆయన పేరుకన్నా ముందు
ఆయన పాట తెలిసింది నాకు.

జనవరిలో పక్షవాతం వచ్చి
ఎడమ చెయ్యి పట్టుకుపోయింది.
పదకొండు వారాలు ఆ మూల ఖాళీ.
చేపలమ్మే మొరీన్ అక్కడ
సైకిలు కూడా పెట్టనివ్వలేదు ఎవర్నీ.

ఏప్రిల్లో వచ్చాడు.
కుడిచేతి వేళ్ళు మెట్లమీద సిద్ధంగా ఉన్నాయి,
తిత్తి లాగేందుకు చెయ్యి లేదు.
కాసేపు ఊరికే కూచున్నాడు.
మొరీన్ తడిచేతులు ఏప్రనుకి తుడుచుకుని వచ్చి
రెండోవైపు పట్టి లాగింది,
కొలిమి పనికి కుదిరినట్టు.
ఎడమవైపు బొత్తాలు మూగగానే ఉన్నాయి.
పాట వచ్చింది. వంకరగా.
అయినా వచ్చింది.

ఇప్పుడక్కడ వంతులు.
బడి ఎగ్గొట్టిన పిల్లడు, పోస్టుమాన్,
ఒక ఆదివారం పాదిరీ.
బస్సు తప్పినా ఎవరూ తిట్టుకోరు.

నిన్న రాత్రి డ్యూటీ దిగి
నేనూ పట్టుకున్నాను.
ఫ్యాక్టరీలో ఐసుపెట్టెలు మోసే భుజాలు
రెండు చరణాలకే పీక్కుపోయాయి.
"నెమ్మదమ్మా" అన్నాడు
నోటికి ఒకపక్కే నవ్వుతూ,
"అది ఊపిరి, తలుపు కాదు."

మూడో నంబరు వచ్చింది, వెళ్ళింది.
టోపీలో చిల్లరమీద చినుకులు.
నా చేతులకింకా చేపవాసన.
మెల్లిగా
లాగుతున్నాను.