చుక్క గుర్తు

అయిదు కన్నా తక్కువైతే అంకె వేయకూడదు.
ఆరోగ్య శాఖలో నాకు చెప్పిన మొదటి రూలు అది.
చిన్న ఊరు జాన్స్‌టౌన్, ఇంకా చిన్నవి పేటలు.
"ముగ్గురు" అని రాస్తే చాలు,
ఏ ముగ్గురో బేకరీ క్యూలోనే చెప్పేస్తారు.
అందుకని ఆ గడిలో ఒక చుక్క గుర్తు పెడతాను.
కెర్న్‌విల్, చుక్క. మాక్సమ్, చుక్క.
హార్నర్స్‌టౌన్‌కి మొన్న అంకే పడింది.

పోయినవాళ్ళు చుక్కలవుతారని
మా నాయనమ్మ ఒట్టేసి మరీ చెప్పేది.
ఎక్సెల్ కూడా అదే మాటంటుందని ఆవిడకి తెలీదు.

నెలలో రెండో గురువారం సిటీ హాల్లో కూర్చుంటాం.
బయట గోడ మూల మీద వరద ఎక్కిన గుర్తులుంటాయి,
మూడు వరదలవి,
ఒకటి నా తల కన్నా ఎంతో పైన.
నీళ్ళొస్తే ఎంత ఎత్తో కొలవడం ఈ ఊరికి వచ్చు.
ఈ వరదకి మాత్రం గీత ఎక్కడ గీయాలో తెలీదు.
ఇది ఒక ఇంట్లో, ఒక్క గదిలోనే పొంగుతుంది,
పక్క గదిలో టీవీ నడుస్తూనే ఉంటుంది.

ఫైలు తెరుస్తాం. పేరుండదు. నలభై ఒకటి.
పైకప్పులు వేసే పని. వెన్నుకి దెబ్బ. మాత్రలు.
మాత్రలు ఆపేశారు.
ఆ తర్వాత పదకొండు నెలలు కాగితం మీద ఏమీ లేదు.
"ఈ పదకొండు నెలల్లో ఇతన్ని చూసిందెవరు?"
డెప్యూటీ కరోనర్ హ్రుస్కా ప్రతిసారీ అడిగే ప్రశ్న.
లైబ్రరీ వెర్లీన్ చెయ్యెత్తింది.
"నేను. చలికాలమంతా.
పాత ట్రాక్టర్ల పుస్తకాలు చదివేవాడు.
కునుకు తీస్తుంటే పాపం లేపడమెందుకనుకున్నాను."
హీటరు ఒకసారి దగ్గి ఊరుకుంది.

ఆ నెలాఖరుకి లైబ్రరీ మెట్ల దగ్గర ఒక పెట్టె వెలిసింది,
ఇంకోటి బస్ స్టేషన్లో. తాళం లేదు, కెమెరా లేదు.
లోపల ముక్కులో కొట్టే నలోక్సోన్, గ్లవుజులు,
ఒక కార్డు: తొమ్మిది ఎనిమిది ఎనిమిది.
అదే కార్డు మంగలి ఆల్విన్ తన అద్దానికి దోపుకున్నాడు.
వెనక నిలబడి అడిగితే
మగవాళ్ళు అద్దానికి జవాబు చెబుతారట.

తుపాకుల కొట్టు పెట్రిస్కో కూడా వచ్చాడొకసారి,
సర్కారంటే గిట్టని మనిషి, కోటు విప్పకుండా కూర్చున్నాడు.
"ఎవరింట్లో మనసు బాలేదో వాళ్ళవి తెచ్చి నా దగ్గర పెట్టమనండి.
రసీదిస్తాను. ఎందుకని అడగను.
కుదుటపడ్డాక తీసుకెళ్తారు."
కాఫీ ముట్టకుండా వెళ్ళిపోయాడు.
ఇప్పుడతని వెనక గదిలో పదిహేడున్నాయి.
పదిహేడు. దాచక్కర్లేని అంకె,
వేద్దామంటే నా దగ్గర దానికి గడి లేదు.
బతికినవాళ్ళ గడి ఏ ఫారంలోనూ లేదు.

సోమవారం పెట్టెలు నింపడానికి వెళ్ళాను.
బస్ స్టేషన్లో ఒకటి తక్కువ.
దాని చోట్లో టికెట్టు వెనక రాసిన చీటీ,
పెన్ను పడక రెండుసార్లు దిద్దిన అక్షరాలు:
"ఒకటి వాడాను. లేచాడు. నన్ను బండబూతులు తిట్టాడు."

అక్కడే నిలబడి నవ్వాను,
కాసేపటికి అది నవ్వు కాదు.
చిన్నప్పుడు మేం తుమ్మితే
ఏ గదిలోంచో "చిరంజీవ" అని వినబడేది.
ఇక్కడ లేచినవాడే తిట్టాడు,
ఎదుటివాడు ఆ తిట్లని అక్షింతల్లా నెత్తిన వేసుకుని
వచ్చిన బస్సెక్కి పోయాడు.

సున్నా అయితే దాచక్కర్లేదు, రూలు ఒప్పుకుంటుంది.
ఆరేళ్ళలో ఒక్కసారి వేశాను, కెర్న్‌విల్, ఫిబ్రవరి.
మూడుసార్లు సరిచూసి,
హ్రుస్కాకి ఫోన్ చేసి,
మళ్ళీ చూసి వేశాను.

ఈ నెల సంగతి ఇంకా తెలీదు.
ఇంకో రెండు డబ్బాలు ఆర్డరు పెట్టాలి.
చీటీ నా పర్సులోనే ఉంది,
ఏ ఫైలుకి జతచేయాలో తోచలేదు.