ఆరున్నొకటి

లాభం, రెండు, మూడు...
ఒకటి అనే మాట మా కాటా దగ్గర పలకం.
ఆరు తర్వాత వచ్చేదాన్నీ పలకం,
దాని కడుపులో ఏడుపుందని.
ఆరున్నొకటి అని తప్పుకుని
ఎనిమిదిలోకి వెళ్ళిపోతాం.
పాతికేళ్ళుగా గుంటూరు మిర్చి యార్డులో
ఇదే నా జపం.

ఇంకో జపం కూడా ఉంది.
సంగడిగుంటలో కుళాయి రాకముందే
చీకట్లో గోడకానుకుని
మంగళగిరి నరసింహుడి నామం, నూటెనిమిది.
లెక్క వేలి కణుపుల మీద.
వాటిల్లో నిన్నటి కారం ఇంకా మండుతుంటుంది,
కునుకు పట్టనివ్వదు.
నా నిష్ఠంతా ఆ మంటదే.

మనసును కోతి అన్నారు, గుర్రం అన్నారు.
నేనెప్పుడూ గుర్రాన్ని తోలలేదు.
నాకు తెలిసింది కాటా.
బస్తా పడగానే ఎర్రంకెలు అదురుతాయి,
నలభై ఏడంటాయి, నలభై అయిదంటాయి,
ఎటూ తేలక కొట్టుకుంటాయి.
చెయ్యి తీసి కాసేపు ఊరకుంటే
వాటంతటవే నిలుస్తాయి.
పొద్దుటి నామం అంటే సున్నా నొక్కడం.
అంతకుమించి వేదాంతం నాకు రాదు.

చిక్కల్లా ఏమిటంటే, పదయ్యేసరికి
పళ్ళెం మీద కారం దుమ్ము పేరుతుంది.
ఏ బస్తా లేకుండానే యాభై గ్రాములు చూపిస్తుంది.

ఫాల్గుణంలో ఒకరోజు
బెల్లంకొండ నుంచి నాంచారమ్మ వచ్చింది,
ఇరవై రెండు బస్తాల తేజ కాయలతో,
రాత్రంతా ఆ బస్తాల మీదే పడుకుని.
షావుకారు దగ్గి, నా చెవిలో అన్నాడు:
"తేమ ఉంది యలమందా,
పై గ్రాములు చదవకు."

మొదటి బస్తా నలభై ఆరూ ఎనిమిది వందలు.
"లాభం, నలభై ఆరు" అన్నాను.
రెండు, నలభై అయిదు.
మూడు.
లోపల నామం నడుస్తూనే ఉంది,
బయట నాలుక గ్రాములు మింగుతూనే ఉంది.
రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.
అదే నన్ను భయపెట్టింది,
తర్వాతెప్పుడో. అప్పుడు కాదు.

"ఆరున్నొకటి" అన్నాను.
కొంగుతో ముక్కు మూసుకున్న నాంచారమ్మ
కొంగు తీసి అంది:
"ఏడు అనవయ్యా.
ఏడ్చేదేదన్నా ఉంటే నేనేడుస్తాను.
లెక్కను లెక్కలా పలుకు."

ఆమెకు గ్రాముల సంగతి తెలియదు.
ఘాటుకు విసుగెత్తి అన్నమాట, అంతే.

కొండ మీద స్వామి నోట్లో పానకం పోస్తారు.
గుటకలు వినిపిస్తాయి.
చెంబైనా బిందైనా సగం కాగానే ఆగుతాయి,
మిగతాది పోసినవాడికే.
నాయన భుజాల మీంచి చూశాను చిన్నప్పుడు.
దిగుతూ మెట్ల మీద నాయన అన్నాడు:
"తనదెంతో తెలిసినవాడురా దేవుడు."

కండువాతో పళ్ళెం తుడిచాను.
సున్నా నొక్కాను.
చెయ్యి తీశాను.
"ఏడు" అన్నాను, యార్డంతా వినేట్టు.
"నలభై ఆరూ ఏడువందల యాభై."
మొదటి ఆరూ మళ్ళీ ఎక్కించమన్నాను.
హమాలీ ఇస్సాకు గొణిగాడు,
నా మొహం చూసి
గొణుగుడు ఆపకుండానే ఎత్తాడు.

షావుకారు ఏమీ అనలేదు.
నెలాఖరుకు నన్ను కాటా నుంచి గేటుకు మార్చాడు.

ఇందులో నా గొప్పేం లేదు.
ఆ రోజుకు ముందు ఎన్ని బస్తాలో, ఎవరెవరివో,
ఆ చీటీలు నా దగ్గర లేవు.
అది కణుపుల మీద తేలే లెక్క కాదు.

ఇప్పుడూ తెల్లారుజామున కూర్చుంటాను.
మనసు షావుకారు దగ్గరికి పోతుంది,
తగ్గిన జీతం దగ్గరికి పోతుంది,
పోనిచ్చి, మళ్ళీ సున్నా నొక్కుతాను.
ఏడో నామం దగ్గర మాత్రం ఆగి
"ఏడు" అంటాను, పైకే.
"ఎవరితోనయ్యా?" అంటుంది మా ఆవిడ, నిద్రలో.

ఇంతలో కుళాయి గుటకలేస్తుంది.
వరసలో పక్కింటి బిందె కూడా ఉంది.
మాది సగం కాగానే
పక్కకు జరుపుతాను,
కొన్ని రోజులు.