దాల్చినచెక్క తుప్పు

ముప్పై నాలుగేళ్లు
రియెకా రేవులో, ఓడల పొట్టలకింద వెల్లకిలా పడుకుని
తుప్పు గోకినవాణ్ణి.
ఇవాళ మనవరాలు నా ముందు ఓ ఇనపకవచం పెట్టి
"నోనో, దీనికి తుప్పు పట్టించు" అంటోంది.

ఇనప అన్నానా? కాదు.
వ్యాయామం చేసే చాపలాంటి స్పాంజి అట్ట.
కత్తిరించి, వేడిగాలి కొట్టి, మోకాలిమీద వంచి,
వడ్రంగి జిగురు ఐదు పూతలు పూసి,
నల్లరంగు మీద వెండిరంగు
దాదాపు పొడిబారిన కుంచెతో అలా అలా తుడిచింది.
అంచులు మాత్రమే మెరిశాయి.
చిటికెనవేలితో ఎత్తి చూశాను. పిట్టంత బరువు లేదు.
కార్నివాల్‌కి ఇంకా తొమ్మిది రోజులు.
బయట బూరా గాలి కిటికీ రెక్కల్ని బాదుతోంది.
వంటింటి బల్లనిండా మా యుద్ధం.

మొదట తుప్పు తనే వేసింది,
తట్టు పోసినట్టు, ఒళ్లంతా సమంగా.
"జ్వరం కాదే తల్లీ, అంతటా ఒకేలా రావడానికి.
తుప్పుకో చిరునామా ఉంటుంది" అన్నాను.
నీళ్లు నిలిచేచోట పుడుతుంది.
బోల్టు నెత్తి కింద, అతుకు వెంట,
ఎవరు చూస్తారులెమ్మని పెయింటరు ఎగ్గొట్టిన మూలన.
అక్కణ్ణుంచి కిందికే కారుతుంది,
ఏడ్చిన మొహం మీద కాటుకలా.
పైకి పాకే తుప్పుని నేనింతవరకు చూడలేదు.

దాల్చినచెక్క పొడి, కాఫీ మడ్డి, ఇటికరంగు కలిపాం.
నాకు తెలిసిన తుప్పు వాసన
నాలిక కొరుక్కున్నప్పటి రక్తం.
ఇదేమో ఆదివారం ఆపిల్ రొట్టె వాసనేస్తోంది.
నవ్వొచ్చింది, దగ్గొచ్చింది.
నాకు రెండూ ఒకచోటినుంచే వస్తాయి.

తర్వాత దెబ్బలు.
కాల్చిన సూదితో ఎక్కడపడితే అక్కడ గీయబోతే ఆపాను.
"నిన్ను కొట్టిందెవరు?"
ఆలోచించింది. "కుడిచేతివాటం మనిషి. నాకంటే పొడుగు."
అయితే ఎడమభుజం మీద, పైనుంచి కిందికి.
"ఎన్నేళ్లు తొడిగావు?"
"పదకొండు."
అయితే చంకలో పూత అరిగిపోవాలి,
బకిల్ దగ్గర బొటనవేలు ఆనేచోట తళుక్కుమనాలి.
రోజూ తాకేచోట ఇనుము తుప్పుపట్టదు.
పద్నాలుగేళ్ల పిల్ల
ఆ మాట మణికట్టు మీద పెన్నుతో రాసుకుంది.

ఛాతీ అయింది, భుజాలయ్యాయి, మోచేతి డొప్పలయ్యాయి.
వీపు పలక తిప్పాను. అద్దంలా నున్నగా ఉంది.
"అక్కడ వద్దు" అంది నెవియా.
"మా సైన్యంలో ఎవరూ పారిపోలేదు."

కుంచెని నీళ్లలో ముంచి తిప్పాను.
నీళ్లు నల్లబడ్డాయి. ఇంకా తిప్పాను.

ఏడో నంబరు ట్యాంకు. ఓడ అడుగున, మనిషి దూరేంత కంత.
లోపల ఇద్దరం. థిన్నరు ఆవిరి. ఎక్కడో ఓ నిప్పురవ్వ.
నిచ్చెన నాకు దగ్గర.
అంతే సంగతి. జ్వానెకి నాలుగడుగులు దూరం,
నిచ్చెన నాకు దగ్గర.
కాగితాల్లో ప్రమాదం అని రాశారు, అబద్ధం కాదు.
వేసవిలో సముద్రానికి వెళ్లినా బనీను విప్పను.
ఈ పిల్ల చిన్నప్పుడు ఎందుకని అడిగేది.
చలి అనేవాణ్ణి. ఆగస్టులో.

అదేదీ చెప్పలేదు.
"ఒక్కటి వేద్దాం" అన్నాను.
నా మొహంకేసి చూసి, సూది నా చేతికిచ్చింది.
కుడిరెక్క ఎముక కింద, వేలెడంత గీత.
దానికి తుప్పు వేయలేదు. కాస్త మసి.

ఊరేగింపులో జనం ముందునుంచి ఫొటోలు తీశారు.
ఓ ముసలాయన గోటితో గీకి చూసి
"నిజంగా ఇనుమేనా?" అన్నాడు.
"మా నోనో రేవులో చేశాడు" అంది,
అడిగినదానికి అదే జవాబన్నట్టు.
నేను వెనక నడిచాను.
గాలికి దాని ఎర్ర దుప్పటి లేస్తోంది, పడుతోంది.
లేచినప్పుడల్లా ఆ గీత.
బనీను కింద వీపు దురదపెట్టింది.
చెయ్యి అందలేదు.