మోకాలెత్తు

చేపల ఫ్యాక్టరీ మూసేశాక నాకు మిగిలినవి
వేళ్ళలో మంచు వాసన,
మూడు నెలల జీతం, ఒక పాత ఫోను.
చీపురు కర్రకు ఉన్నిదారంతో దాన్ని కట్టి
"యాస్నాతో చిలోయె దీవులు" అని పేరు పెట్టాను.
మా అత్త ఎదుల్యా పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే అంది:
కాలికి బలపం కట్టుకుంటే చాలదే,
నీ కాళ్ళకు ఇద్దరు వేలాడుతున్నారు, చూసుకున్నావా?

మొదటి ప్రయాణం దాల్కావె రేవు నుంచి.
అవతలి దీవికి పడవలో ఐదు నిమిషాలు.
ఐదు నిమిషాల్లో ఎన్ని జరగొచ్చో
పిల్లలు లేనివాళ్ళకు చెప్పినా నమ్మరు.
"అందరికీ నమస్కారం, నేను" అనగానే
గాస్పర్‌కు ఒంటేలు వచ్చింది.
రెండోసారి "నేను" అనగానే
గాలి నా పేరు ఎత్తుకెళ్ళింది.
మూడోసారి వాడు పొద్దున తిన్న బంగాళాదుంప రొట్టె
నా మంచి స్వెటర్ మీదే కక్కాడు.

నాలుగోసారి అన్నీ కుదిరాయి.
వాన ఆగింది. చెక్కపెంకుల చర్చి మీద ఎండ పడింది.
నల్లమెడ హంసలు బారులు తీరి వచ్చాయి.
చోటు లేదంది ఫోను.
ఎక్కడ ఉంటుంది?
గాస్పర్ మొదటి పన్ను, మిల్యరాయ్ మొదటి అడుగు,
నిద్రపోతున్న ముఖాలే నూట పద్నాలుగు.
ఏది చెరిపి హంసలకు చోటివ్వను?
నేను తేల్చుకునేదాకా హంసలు ఆగలేదు.

రాత్రి దుప్పట్లో దూరి కత్తిరింపులు మొదలుపెట్టాను.
ఏడుపు తీసేశాను. దగ్గు తీసేశాను.
"అమ్మా, ఇంకెంతసేపు?" పదిహేడు సార్లు తీసేశాను.
నలభై సెకన్లు మిగిలాయి.
అందులో ఎవరో పిల్లల్లేని ఆవిడ
ఒంటరిగా, హాయిగా, ఎక్కడికో వెళుతోంది.
నిజం చెప్పొద్దూ, ఆవిణ్ణి చూసి కుళ్ళుకున్నాను.

పంతొమ్మిది సార్లు చూశారు.
పదకొండు నేనే.
రెండు మా ఆయన. పద్నాలుగు రోజులు సముద్రం మీద,
ఏడు రోజులు ఇంట్లో ఉండే మనిషి.
సిగ్నల్ దొరికిన రెండుసార్లూ చూశాట్ట.
"పిల్లలేరీ?" అని మాత్రం అడిగాడు.

రెండో ప్రయాణం నాడు
గడప మీద కూచుని బూట్లు తొడుక్కుంటూ
ఎనిమిదేళ్ళ మిల్యరాయ్ తలెత్తకుండా అంది:
"నా ముఖం పెట్టకు."
ఏమే?
"అది నాది."
లేసులకు రెండేసి ముళ్ళు వేసుకుంది, నేను నేర్పినట్టే.

ముందు కోపమే వచ్చింది.
పిల్ల ముఖం ఉంటే జనం చూస్తారని తెలుసు.
కట్టెలకు ఎంత బాకీ ఉన్నామో కూడా తెలుసు.
బస్సు వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.
ఇద్దరి వంతూ గాస్పరే మాట్లాడాడు,
కుక్కల గురించి, అంతా కుక్కల గురించే.

ఆ రోజు చీపురు కర్ర కిందికి దిగింది.
మోకాలెత్తులో, ఇంకా కింద,
బురదలో రెండు జతల రబ్బరు బూట్లు,
ఒక జత ఎడమా కుడీ తారుమారై.
నీళ్ళగుంటలో తలకిందులుగా నిలబడ్డ చర్చి,
దాన్ని గాస్పర్ ఒక్క గెంతుతో కూల్చేశాడు.
అచావో సంతలో ఊదారంగు బంగాళాదుంపల గుట్ట,
దాని వెనక అమ్మే ముసలామె మేజోళ్ళు.
గుంటలో గవ్వచేపలు ఉడుకుతుంటే
పెద్దపెద్ద ఆకుల సందుల్లోంచి పాకే ఆవిరి.
ముప్పై రెండేళ్ళు ఈ దీవిలోనే పుట్టి పెరిగి
ఈ ఎత్తు నుంచి దీన్ని ఎప్పుడు చూశానో గుర్తులేదు.

సంకలో పిల్లాడు జారుతున్నాడు, ఎగదోసుకుంటున్నాను.
కళ్ళు మాత్రం ఇంకా హంసల కోసం ఊరంతా వెతుకుతున్నాయి.
పాత అలవాటు, ఒక్కరోజులో పోతుందా.

రేవు దగ్గర కర్ర నా చేతిలోంచి లాక్కుంది మిల్యరాయ్.
బొటనవేలు సగం లెన్సు మీదే ఉంది.
"అమ్మా, నీ ముఖం పెట్టొచ్చా?"
ఎవరూ అడగలేదు నన్నలా, నేనూ అడుక్కోలేదు.
తల దువ్వుకోలేదే అన్నాను.
వాన మళ్ళీ అందుకుంది.
"సరేనా, కాదా? తొందరగా చెప్పు,
వీడికి మళ్ళీ వస్తోందట."